హైబ్రిడ్ కారు - రహదారి వేగము



హైబ్రిడ్ అను మాట మన పల్లెలకు క్రొత్తది కాదు. జొన్నకును, ప్రత్తికిని, మిరపకును హైబ్రిడ్ విత్తనములు వచ్చి యెన్నియో యేండ్లయినది. రెండు జాతులను గలిపి మూడవదానిని పుట్టించుట యని దాని యర్థము మీ రెరుగుదురు. ఇప్పు డీ మాట మోటారుకారులకును వచ్చినది. పట్టణమున నుద్యోగము చేయు కుమారుడో, అల్లుడో పండుగకు వచ్చి వాకిట నిలిపిన కారు వెనుకభాగమున ఈ పదమును మీలో పలువురు చూచియే యుందురు. ఆ కారు బయలుదేరునపు డొక్కొక్కమారు చప్పుడే యుండదు. కొన్ననాడు చెప్పినమాట లీటరుకు 28 కిలోమీటర్లు. ఊరికి వచ్చి లెక్క చూచుకొన్నచో పందొమ్మిదియో, ఇరువదియో. "లక్షలు ఎక్కువ పోసి కొంటిమి గదా, మోసపోతిమా?" అని నన్నడిగినవారు పలువురు కలరు. యంత్రశాస్త్రము బోధించి జీవించినవాడను గనుక వారికి చెప్పిన సమాధానమునే నేడు మీకును విన్నవించుచున్నాను.

మోసము లేదు. కాని ఒక్కొక్క విత్తనమునకు ఒక్కొక్క నేల తగియుండునట్లు, ఈ యంత్రమునకును తగిన నేల యొకటి కలదు. ఆ నేల పట్టణపు వీథి, రహదారి కాదు.

మొదట యంత్రమును గూర్చి రెండుమాటలు. ఈ కారులో పెట్రోలు ఇంజను కలదు. దానితోపాటు విద్యుత్తుతో దిరుగు మోటారును, ఒక బ్యాటరీయును కలవు. "దీనిని ఏ ప్లగ్గునకు తగిలింపవలయును?" అని మా బంధువులలో నొక పెద్దాయన అడిగెను. దేనికిని తగిలింపనక్కరలేదు. ప్లగ్గుతో నింపుకొను హైబ్రిడ్లు వేరుగా కలవు గాని, మన దేశమున నెక్కువగా అమ్ముడగుచున్నవి అవి కావు. మన కారుల బ్యాటరీలోని విద్యుత్తంతయు పెట్రోలునుండి వచ్చినదే. ఇంటిలోని సొమ్మును ఒక పెట్టెనుండి మరియొక పెట్టెలోనికి మార్చినంతమాత్రమున సొమ్ము పెరుగదు గదా! అట్లయిన నీ కారు పెట్రోలును ఆదా చేయుటెట్లు? ఉన్న సొమ్మును పెంచి కాదు. నేలపాలగుచున్న సొమ్మును ఏరుకొని.

ఆ నేలపాలగు సొమ్మెక్కడిదో చూతము. హైదరాబాదులో ఎల్.బి. నగరునుండి అమీరుపేటకు పోవు కారు నూహింపుడు. దీపమువద్ద నాగుట, కదలుట, ముందు ఆటో నిలిచినచో మరల నాగుట. పదిహేను కిలోమీటర్లలో నలుబదిమారు లాగినను ఆశ్చర్యము లేదు. మనుష్యులతో గలిపి ఒకటిన్నర టన్నుల బరువుగల కారును గంటకు 40 కిలోమీటర్ల వేగమునకు దెచ్చుటకు కొంత పెట్రోలు వ్యయమగును. బ్రేకు వేసినతోడనే ఆ శక్తియంతయు బ్రేకుబిళ్ళలలో వేడియై గాలిలో గలియును. మరల కదలుటకు మరల పెట్రోలు. నేను లెక్కవేసి చూడగా, ఇట్టి ప్రయాణములో చక్రములకు చేరిన శక్తిలో సగమునకు మించి బ్రేకులకే ఆహుతియగుచున్నది. హైబ్రిడ్ కారులో బ్రేకు త్రొక్కినపుడు మోటారు తానే డైనమోగా మారి, చక్రముల యూపును విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపును. పూర్తిగా దక్కదు, సగమో, మరికొంత యెక్కువో దక్కును. దీపమువద్ద నిలిచినపుడు ఇంజను ఆగిపోవును. మెల్లగా కదలునపుడు బ్యాటరీయే లాగును. సామాన్యపు కారు నగరమున చేయు దుబారాలన్నియు ఈ విధముగా దగ్గును.

ఇది నిన్న మొన్న పుట్టిన యూహ కాదు. 1900 ప్రాంతముననే ఆస్ట్రియాలో ఫెర్డినాండ్ పోర్షే ఇంజనును విద్యుత్తును జతపరచిన బండిని నిర్మించెను. అయినను వేలకొలది అమ్ముడుపోవు కారుగా దీనిని లోకమునకు దెచ్చినది జపానులోని టయోటావారి ప్రియస్; 1997 డిసెంబరులో నది అమ్మకమునకు వచ్చెను. మన దేశమున 2022లో వచ్చిన టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, అదే యేట డిసెంబరులో ధర ప్రకటింపబడిన ఇన్నోవా హైక్రాస్ మొదలగునవి ఆ వంశపువే.

ఇక రహదారి. విజయవాడకు బయలుదేరి చౌటుప్పల్ దాటినపిమ్మట కారు ఒకే వేగమున పోవుచుండును. బ్రేకు లేదు, ఆగుట లేదు. ఏరుకొనుటకు నేలపై చిల్లరయే లేదు! మరి పెట్రోలు ఏమగుచున్నది? గాలి తినివేయుచున్నది.

సైకిలు త్రొక్కినవారికి ఎదురుగాలి యనగా నేమో తెలియును. కారునకు గాలి వీవనక్కరలేదు. తన వేగముతో తానే ఎదురుగాలిని పుట్టించుకొనును. ఇందలి నియమము మిక్కిలి కఠినమైనది. వేగము రెట్టింపయినచో గాలి అడ్డగించు బలము నాలుగింతలగును. దానిని నెట్టుకొనిపోవుటకు క్షణక్షణమునకు కావలసిన శక్తి ఎనిమిదింతలగును. ప్రియస్ వంటి నునుపైన ఆకృతిగల కారునకు నేను వేసిన లెక్క యిది. టైర్ల రాపిడిని గలుపుకొని గంటకు 60 కిలోమీటర్ల వేగమున సుమారు 5 అశ్వశక్తులు చాలును. 80 వేగమునకు 9, 100 వేగమునకు 15, 120 వేగమునకు 23 కావలయును. 60 వద్ద నెక్కువ పాలు టైర్లది. 100 వద్ద నూటికి అరువదికి పైగా గాలిదే. హైరైడర్, హైక్రాస్ వంటి యెత్తైన కారులకు ఈ యంకెలు ఇంకను పెరుగును. ఎత్తును వెడల్పును ఎక్కువయైన బండి గాలిని ఎక్కువ ద్రోయవలసియుండును.

ముఖ్యమైన భేదమును గమనింపుడు. బ్రేకులో పోవుశక్తి తిరిగి వచ్చును. గాలికి ఇచ్చినది తిరిగి రాదు. ఎంత గొప్ప బ్యాటరీయైనను, ఎంత తెలివిగల మోటారైనను వెనుక సుళ్ళు తిరుగుచు మిగిలిపోయిన గాలినుండి ఒక్క పైసా రాబట్టజాలదు. నగరమున హైబ్రిడ్‌నకు పగవాడు బ్రేకు. వానిని జయించుట దానికి దెలియును. రహదారిపై పగవాడు గాలి. వానియెదుట అదియు తక్కిన కారులవంటిదే.

బ్యాటరీ యెంతదో తెలిసినచో ఈ విషయము తేటపడును. మన యింటి కరెంటు బిల్లులో యూనిట్లు చూచుచున్నాము గదా. ఆ కొలతతోనే చెప్పెదను. 2009 నాటి ప్రియస్ బ్యాటరీ పూర్తిగా నిండినను పట్టునది సుమారు 1.3 యూనిట్లు. హైరైడర్ బ్యాటరీ 0.76 యూనిట్లు, అనగా ఒక యూనిట్టుకైనను తక్కువ. ఒక్క లీటరు పెట్రోలులో దాగిన వేడి యించుమించు 9 యూనిట్లు. పెట్రోలు ట్యాంకు గాదెవంటిది; ఈ బ్యాటరీ రొంటిని దోపుకొన్న చిల్లరవంటిది. రొంటిలోని చిల్లర సంతలో చేతికి చేతికి మారుచు మిక్కిలి యుపయోగపడును. దానితో పెండ్లి చేయబూనినచో?

పైగా ఆ చిల్లరలో సగము ముట్టనీయరు. బ్యాటరీ చిరకాలము మన్నవలయునని ప్రియస్‌లోని యంత్రాంగము దానిని పూర్తిగా నిండనీయదు, పూర్తిగా ఎండనీయదు. నూటికి నలుబదికిని ఎనుబదికిని నడుమ నుంచును. ఆ వాడుకొనదగిన భాగముతో 100 వేగమున పోయినచో నాలుగు కిలోమీటర్లు గడచునో లేదో! విజయవాడ దారి 270 కిలోమీటర్లు. అంతదూరము ఆ వేగమున పోవుటకు చక్రములవద్ద సుమారు 30 యూనిట్లు కావలయును. ఆ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు మూడు కలవు. మూడింటను కారు 100 వేగమునుండి పూర్తిగా ఆగినదనుకొందము. ఒక్కొక్క చోట బ్రేకునుండి రాగల శక్తి మొత్తము 0.16 యూనిట్టు, అందు సగము దక్కినను మూడు గేట్లకును గలిపి పావు యూనిట్టు. ముప్పదిలో పావు! నూటికి ఒకటి కూడ కాదు.

అట్లని రహదారిపై బ్యాటరీ నిద్రించుచున్నదని తలపరాదు. సూర్యాపేట దాటినపిమ్మట మా మేనల్లుని కారులో ముందుసీటున గూర్చుండి తెరపై బాణపు గుర్తులను నేను గంటసేపు పరిశీలించితిని. లారీని దాటునపుడు బ్యాటరీ ఇంజనునకు చేయూత నిచ్చును. వంతెన యెక్కునపు డిచ్చును, దిగునపుడు పుచ్చుకొనును. ఆ మీటరు ఎప్పుడును సగముదరిదాపుననే యాడుచుండును. "ఇది నిండుట లేదు, బ్యాటరీ చెడినదేమో" యని మేనల్లుడు దిగులుపడెను. చెడలేదు, దాని పనియే యది. ఇంజను పని మరీ తేలికయైనపుడు మిగులును దాచి, మరీ బరువైనపుడు బయటికి దీసి, ఇంజనును దానికి హితవైన నడకలో నిలుపుచున్నది.

ఒక చమత్కారము చెప్పెదను. 2003 నాటి ప్రియస్‌లో గంటకు 67 కిలోమీటర్లు, 2009 నాటిదానిలో 74 కిలోమీటర్లు సుమారుగా దాటినచో ఇంజను తిరుగక తప్పదు. ఇంజను, మోటారు, డైనమో మూడును ఒకే పళ్ళచక్రముల కూర్పులో కలిసియుండును. ఇంజను నిశ్చలముగా నుండి చక్రములు వేగముగా దిరిగినచో, చిన్న డైనమో తన హద్దును మించి తిరుగవలసివచ్చి చెడిపోవును. అందుచే మొదటినుండియు నిర్మాతలే ఆ వేగముపైన బ్యాటరీతో మాత్రమే పోవుటను నిషేధించిరి. 2015 తరువాతి ప్రియస్‌లలో ఈ హద్దు పెరిగినది. హోండావారి సిటీ హైబ్రిడ్‌లో మరియొక యుపాయము కలదు: నగరమున ఎక్కువగా మోటారే చక్రములను ద్రిప్పును, రహదారిపై నిలుకడ వేగము వచ్చినతోడనే ఒక క్లచ్చి బిగిసి ఇంజను నేరుగా చక్రములను ద్రిప్పును. పెట్రోలును విద్యుత్తుగా మార్చి మరల బలముగా మార్చుటలో గొంత నష్టము కలదు; రహదారిపై ఆ నష్టము వలదని వారి తీర్పు. నా కది న్యాయముగా దోచుచున్నది.

మరి రహదారిపై హైబ్రిడ్ వట్టిదా? అట్లనుట అన్యాయము. దాని ఇంజనే వేరు. 1882లో జేమ్స్ అట్కిన్సన్ అను బ్రిటిషు ఇంజనీరు, మండిన వాయువు ఎక్కువదూరము వ్యాపించి ఎక్కువ పనిచేసి మరి బయటికి పోవునట్లు ఒక యేర్పాటును కనిపెట్టెను. దాని వలన పొదుపు కలదు గాని ఊపు తక్కువ. ఆ తక్కువయైన యూపును మోటారు భర్తీచేయును గనుక హైబ్రిడ్‌లలో ఆ పద్ధతి వాడుకలోనికి వచ్చినది. పెట్రోలులోని వేడిలో నూటికి 40 పాళ్ళవరకు పనిగా మార్చునట్టి ఇంజనును 2015 నాటి ప్రియస్‌లో నమర్చిరి. ఈ గుణము రహదారిపైనను పనిచేయును. కావున హైబ్రిడ్ అక్కడను సామాన్యపు కారుకంటె మేలే. కాని నగరమున నున్నంత మేలు కాదు. అమెరికా ప్రభుత్వపు పరీక్షలో 2010 నాటి ప్రియస్‌నకు వచ్చిన యంకెలు చూడుడు: నగరమున గ్యాలనుకు 51 మైళ్ళు, రహదారిపై 48. మన లెక్కలో లీటరునకు ఇంచుమించు 21.7, 20.4 కిలోమీటర్లు. సామాన్యపు పెట్రోలు కారులకు రహదారి యంకెయే యెక్కువగా నుండుట వాడుక, దీనికి తలక్రిందైనది.

ఇక ఆ 28 సంగతి. 2022లో హైరైడర్, గ్రాండ్ విటారాలకు ప్రకటించిన యంకె లీటరునకు 27.97 కిలోమీటర్లు. ఆ యంకె మన దేశపు పరీక్షాశాలలో రోలర్లపై కారును నడిపి తేల్చినది. ఆ పరీక్ష 1180 సెకండ్లు సాగును. అందు పలుమారు ఆగుట, కదలుట యుండును. అత్యధిక వేగము 90. సగటున గంటకు 32 కిలోమీటర్లు మాత్రమే. ఇది నగరపు నడక, హైబ్రిడ్‌నకు పుట్టినిల్లు! రోలర్లపై పుట్టిన యంకెను 110 వేగమున నల్లగొండ జిల్లా ఎండలో ఏ.సి. వేసికొని వెదకిన నెట్లు దొరకును?

అమ్మువాడు ఈ భేదమును విప్పిచెప్పడు. కనుక కొనుటకు ముందు పెద్దలే అడుగవలసిన ప్రశ్న యొకటున్నది: "బాబూ, నీవు తిరుగునది నగరమునా, రహదారినా?" ఉదాహరణకై లీటరు 100 రూపాయలనియు, హైబ్రిడ్‌నకు రెండులక్షలు అదనమనియు అనుకొందము. నగరమున సామాన్యపు కారు 12, హైబ్రిడ్ 22 ఇచ్చినచో నూరు కిలోమీటర్లకు 380 రూపాయలు మిగులును. దాదాపు 53,000 కిలోమీటర్లలో ఆ రెండులక్షలు తిరిగివచ్చును. రహదారిపై 100 వేగమున అది 16, ఇది 20 ఇచ్చినచో మిగులు 125 రూపాయలే. రెండులక్షలు రాబట్టుటకు 1,60,000 కిలోమీటర్లు తిరుగవలయును. ఈ కారుల బ్యాటరీకి మన దేశమున నిచ్చుచున్న హామీ 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు! అనగా పెట్టుబడి తీరునాటికి హామీయును తీరును. నెలకు రెండుమారులు మాత్రము ఊరికి వచ్చుచు, తక్కిన దినములు బండిని నీడను బెట్టువాడు అప్పుచేసి హైబ్రిడ్ కొనుట నాకు సమ్మతము కాదు. ప్రతిదినము నగరపు రద్దీలో రెండుగంటలు గడపువానికి మాత్రము సందేహింపక కొనుమని చెప్పుదును.

కొన్నవారికి వేగము చేతిలోనున్నది. 270 కిలోమీటర్ల ఆ దారినే గ్రహింపుడు. 100 వేగమున 2 గంటల 42 నిమిషములు; పెట్రోలు 13.5 లీటర్లని పెట్టుకొందము. 120 వేగమున 27 నిమిషములు ముందుగా జేరును. కాని దాదాపు 3.8 లీటర్లు, అనగా 380 రూపాయలు, అదనము. 80 వేగమున 40 నిమిషములు ఆలస్యము. 3 లీటర్లు మిగులు. నాలుగు వరుసల రహదారిపై కారులకు 2018 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన పరిమితియే 100 గనుక ఆ 27 నిమిషములు చట్టమునకు విరుద్ధము గూడ. మా మేనల్లుడు పోవునపుడు నూరుమీద పోయి, వచ్చునపుడు నా పోరు పడలేక ఎనుబదియైదు దాటకుండ వచ్చెను. లీటరునకు నాలుగు కిలోమీటర్ల భేదము తెరపై చూచి తానే నవ్వెను.

పెట్రోలుకై ఒక దేశమే వేగమును దగ్గించుకొన్న సందర్భమును చరిత్రలో నున్నది. 1973లో అరబ్బు దేశములు చమురు నాపివేయగా, అమెరికాలో 1974లో దేశమంతటను గంటకు 55 మైళ్ళు, అనగా 88 కిలోమీటర్లకు మించరాదని శాసించిరి. 1995లో ఆ శాసనమును దీసివేసిరి. తీసివేసినంతనే గాలి నియమము మారలేదు.

కొండదారి మాట యొకటి మిగిలినది. తిరుమలకు కారుమీద పోవువారు పలువురు కలరు. కొండకును దిగువకును సుమారు 700 మీటర్ల యెత్తు భేదము. ఒకటిన్నర టన్నుల కారు దిగునపుడు ఆ యెత్తునుండి వచ్చు శక్తి మూడు యూనిట్లకు కొంచెము తక్కువ. టైర్లకు, గాలికి పోగా మిగిలినదైనను చిన్న బ్యాటరీకి పట్టదు. నడిమార్గముననే అది నిండిపోవును. అప్పుడు బ్రేకులే భారమును మోయవలసివచ్చును. ఇట్టి దారులకై చాల హైబ్రిడ్‌లలో గేరుకఱ్ఱవద్ద బి అను స్థానము కలదు. అందుంచినచో ఇంజను త్రిప్పుట కష్టమగు భారముగా నిలిచి బండి నిలువరించును, బ్రేకులు కాగవు. సమతలపు రహదారిపై దానితో పనిలేదు. అక్కడ నుంచినచో నష్టమే.

ఊరినుండి పోవునపుడు కారు టాపుపై బియ్యపు మూటలు కట్టుట మనకు అలవాటు. హైబ్రిడ్‌నకు ఆ మూటల బరువుకంటె అవి గాలికి అడ్డుపడుట యెక్కువ చేటు. సామాను వీలైనంత వెనుక డిక్కీలోనే సర్దుడు. లోపల సర్దునపుడు గూడ ఒక్క జాగ్రత్త. బ్యాటరీకి వేడి పనికిరాదు. ప్రియస్ వంటి కారులలో వెనుకసీటు ప్రక్కన జల్లెడవంటి రంధ్రమొకటి యుండును; చల్లని గాలి దానిగుండనే బ్యాటరీకి చేరును. వేసవిలో మామిడిపండ్ల బుట్టయో, దుప్పట్ల మూటయో దానికి అడ్డముగా బెట్టుట నేను కన్నులార చూచితిని. లోపలి బ్యాటరీ వేడెక్కి, యంత్రాంగము దానిని వాడుట తగ్గించి, భారమంతయు ఇంజనుపై వేయును. బుట్టను రెండవ ప్రక్కకు జరుపుడు. ఆ రంధ్రము వెనుక దుమ్మును ఆపు జల్లెడ యున్నచో, సర్వీసునకు ఇచ్చినపుడు దానిని దులిపిరా యని యడుగుడు.